గుర్రపు కవచానికి "పక్కెర" అనొచ్చా? (తైమూరు సేన బొమ్మల కోసం)

ప్రశ్న:
బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలకు తైమూరు కాలపు (1370–1405) సేనను ఎలా సిద్ధం చేసుకోవాలో తెలుగులో రాస్తున్నాం. బొమ్మలు 28 మి.మీ. కొలతవి. గుర్రానికి తొడిగే కవచాన్ని ఫారసీలో బర్గుస్తువాన్ అంటారు. దానికి "పక్కెర" అని రాస్తే, పక్కెర అంటే జీను కదా అని అభ్యంతరం వచ్చింది. అలాగే చిన్న రేకుల్ని ఒకదానికొకటి అల్లిన లామెల్లార్ కవచాన్ని "పొలుసుల కవచం" అనొచ్చా? చదివేవాళ్ళు ఈ మాటల్ని నమ్మి బొమ్మలు కొంటారు, రంగులు వేస్తారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాం.

జవాబు:
పక్కెర నిక్షేపంగా వాడండి. జీను అనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ సంస్కృతంలో ప్రఖరం, హిందీలో పాఖర్ అన్నా గుర్రపు కవచమే, మన పక్కెరా ఆ కుదురుదే. జీనుకు జీను అనే మాట ఉండనే ఉంది కాబట్టి పాత మాటను కవచానికి వదిలేస్తే గొడవ లేదు. మొదటిసారి వచ్చినచోట "పక్కెర, అంటే గుర్రానికి తొడిగే కవచం" అని విప్పి చెప్పండి, చాలు.

జీనూ పక్కెరా వేరు అని చెప్పడం బొమ్మలు చేసేవాళ్ళకూ అవసరం. పక్కెర ఒకే గుడ్డలా పరిచేది కాదు. ముఖానికి, మెడకు, రొమ్ముకు, రెండు పక్కలకు, పిరుదులకు వేర్వేరు ముక్కలుంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి నల్ల గీత గీస్తేనే ఆ అమరిక కంటికి ఆనుతుంది. రౌతును ముందే అతికించేస్తే అతని కాలికీ పక్కముక్కకూ మధ్య కుంచె దూరదు. గుర్రానికీ రౌతుకూ విడివిడిగా రంగు వేసి, ఆరాకే కూర్చోబెట్టాలి. జీను మీద రౌతు ఆనేచోట రంగు గీకేయాలి. లేకపోతే జిగురు రంగును పట్టుకుంటుంది, లోహాన్ని పట్టుకోదు. ఆటలో చెయ్యి తగిలితే రౌతు పొరతో సహా ఊడొస్తాడు.

మరొకరు:
పక్కెర సరే. "పొలుసుల కవచం" మాత్రం రాయకండి, అది వేరే వస్తువు. పొలుసుల కవచంలో రేకుల్ని గుడ్డకో తోలుకో కుడతారు. పైవరస కిందివరస మీదికి దిగుతుంది, చేప పొలుసుల్లాగే. లామెల్లార్‌కు వెనక గుడ్డ ఉండదు. చిల్లులు పెట్టిన రేకుల్ని తోలు వారుతోనో దారంతోనో ఒకదానికొకటి అల్లుతారు, సాధారణంగా కిందివరసే పైవరస మీదికి వస్తుంది. కాబట్టి "అల్లిక జోడు" అనండి. జోడు అంటే కవచమని పాతవాళ్ళకు తెలుసు, అల్లిక అనగానే పని ఎలా జరిగిందో కొత్తవాళ్ళకు తెలుస్తుంది.

తేడా రంగులో కూడా కనబడుతుంది. పొలుసులకు వెలుగు కింది అంచున పడుతుంది, అల్లిక జోడుకు ప్రతి వరస పై అంచున. పొలుసులనుకుని కింది అంచులు మెరిపిస్తే వరసలు తలకిందులైనట్టు ఉంటాయి.

ఇనప అల్లికకు నల్ల ప్రైమర్ (అడుగు పూత) కొట్టి, ఉక్కు రంగును దాదాపు పొడి కుంచెతో పైపైన రాయాలి. తర్వాత సందుల్లోకి దిగే నల్లటి వాష్‌ను సగానికి సగం పలుచన చేసి వేయాలి. చిక్కగా వేస్తే పిరుదుల మీద, మెడ వంపులో మడుగు కట్టి మరకగా ఆరుతుంది, ఆరకముందే తడి కుంచెతో పీల్చేయాలి. తోలు రేకులకు ఎర్ర గోధుమ రంగు బాగుంటుంది. లక్క పూసిన తోలు మెరుస్తుంది కాబట్టి వాటికి మాత్రం చివర్లో మెరుపు వార్నిష్ వేయండి. అల్లిన వారు కనపడేలా ఎరుపో తెలుపో సన్నటి గీతలు ముందువరస గుర్రాలకు వేస్తే చాలు, వెనకవాటికి ఎవరూ చూడరు.

ఇంకొకరు:
ఇదే వరసలో విల్లు సంగతీ చూడండి. ఉత్త "విల్లు" అంటే చాలామంది మొత్తం కర్ర రంగు పూసేస్తారు. తైమూరు సేనది నడుమ కర్ర, విలుకాడి వైపు కొమ్ము, బయటివైపు నరాలు అతికి కట్టిన విల్లు. "కొమ్ము విల్లు" అనండి, శార్ఙ్గం అన్న మాటకు అర్థం కూడా అదే. లోపలివైపు ముదురు బూడిద రంగు, బయటివైపు బెరడు చుట్టిన లేత పసుపు గోధుమ రంగు వేయాలి.

"అమ్ములపొది" దగ్గర ఒక జాగ్రత్త. ఆ మాట వినగానే మనకు పటాల్లోని రాముడి వీపు గుర్తొస్తుంది, చెయ్యి పొదిని బొమ్మ వీపుకే అతికించేస్తుంది. స్తెప్పీ (మధ్య ఆసియా గడ్డి మైదానాల) రౌతులకు పొది కుడి నడుముకు, విల్లు దాచే ఒర ఎడమ నడుముకు వేలాడతాయి. వాళ్ళు బొటనవేలితో నారి లాగుతారు కాబట్టి బాణం వింటికి కుడివైపున ఆనుతుంది. విడి చేతులున్న ప్లాస్టిక్ బొమ్మల్లో బాణం తరచుగా ఎడమకు పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అల్లిక జోడు, కొమ్ము విల్లు తీసుకుంటున్నాం. తేలిక గుర్రాల వాళ్ళను "రౌతులు" అని, పక్కెర గుర్రాల వాళ్ళను వేరే పేరుతో పిలవొచ్చా? ఎన్ని బొమ్మలు కావాలో లెక్క కూడా చెప్పండి.

జవాబు:
అలా విడదీయలేం. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అన్న సామెతలో రౌతు అంటే గుర్రమెక్కినవాడు ఎవడైనా సరే. పక్కెర రౌతులు, తేలిక రౌతులు అనండి.

లెక్కకు డీబీఏ (De Bellis Antiquitatis అనే యుద్ధపు ఆట) నియమాలు తీసుకుంటే సేనకు 12 బేసులు, అంటే బొమ్మల్ని గుంపుగా అతికించే పలకలు. 28 మి.మీ. బొమ్మలకు బేసు వెడల్పు 60 మి.మీ. పక్కెర రౌతులు బేసుకు ముగ్గురు, తేలిక రౌతులు ఇద్దరు. ఉదాహరణకు 4 బేసుల పక్కెర రౌతులు, 7 బేసుల తేలిక రౌతులు, ఒక ఏనుగు అనుకుంటే 26 గుర్రాలు కావాలి. అసలు పాళ్ళు మీ నియమావళి జాబితాను బట్టి మార్చుకోండి. ఏనుగు 1398 ఢిల్లీ దండయాత్ర తర్వాతి సేనకే సబబు. అక్కడ పట్టుకున్న ఏనుగుల్ని 1402లో ఇప్పటి టర్కీలోని అంకారా యుద్ధంలో తైమూరు నిలిపాడు. 60 మి.మీ.లో మూడు పక్కెర గుర్రాలు పక్కపక్కన ఇరుకుతాయి, రాసుకుని రంగు పోతుంది. నడిమిదాన్ని 5 మి.మీ. ముందుకు జరపండి.

పోత లోహపు ఈటెలు వంగుతూనే ఉంటాయి. తీసేసి 0.8 మి.మీ. ఉక్కు తీగ పెట్టండి. పిడికిలిలో 1 మి.మీ. రంధ్రం, తీగ కొసను సుత్తితో చదును చేసి ఆకురాయితో మొన తీయాలి.

మరొకరు:
రంగులకు ఒక మంచి ఆధారం ఉంది. తైమూరు మనవడు మహమ్మద్ సుల్తాన్ సమర్కంద్ నుంచి తెచ్చిన దళాల్లో ఒక్కో దళానికి జెండాలు, జీనులు, పొదులు అన్నీ ఒకే రంగువని తైమూరు చరిత్ర రాసిన షరఫుద్దీన్ అలీ యజ్దీ వర్ణించాడు. ఒక బేసంతా ఎరుపు, ఇంకోటంతా పసుపు వేస్తే తప్పు పట్టేవాళ్ళుండరు, బల్ల మీద దళాలు తేలిగ్గా గుర్తుపట్టొచ్చు కూడా. నేలకు సమర్కంద్ చుట్టుపక్కల లేత పసుపు మట్టి. ఇసుకను ఫెవికాల్‌తో అంటించి, గోధుమ రంగు మీద లేత పసుపు రుద్ది, ఎండుగడ్డి కుచ్చులు అక్కడక్కడా పెట్టండి.

కోస్తాలో ఉన్నవాళ్ళకు తప్పకుండా రాయండి: వానాకాలంలో మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టకూడదు. గాలిలో తేమకు తెల్లటి పొగమంచు పట్టి, నల్ల పక్కెరలన్నీ బూడిద రంగుకు తిరుగుతాయి. ఆ నెలల్లో కుంచెతో పూసే వార్నిషే వాడాలి, రెండు పలుచని పూతలు, మధ్యలో ఒక పూట విరామం ఇచ్చి.