కోరంగి ఫలకం మీద ‘తుపాను’ అని రాయాలా, ‘ఉప్పెన’ అని రాయాలా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, గౌతమీ గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగిలో, ఆ ఊరి ఓడల చరిత్రను తెలిపే రాతి ఫలకం ఒకటి పెట్టించాలని మా మిత్రులు కొందరు అనుకుంటున్నారు. వారు రాసుకున్న నమూనా ఇది: “ఒకప్పుడు ప్రముఖ నౌకా నిర్మాణ కేంద్రముగా విలసిల్లిన కోరింగ ఓడరేవు 1839 నవంబరు 25న సంభవించిన పెను తుపానులో నేలమట్టమైనది. మూడు లక్షల మంది ప్రజలు, ఇరవై వేల నౌకలు జలసమాధి అయినారు. ఓడలు బళ్లగును, బళ్లు ఓడలగును.” ‘తుపాను’ బదులు ‘ఉప్పెన’ అనాలని ఒకరు పట్టుబడుతున్నారు. రాతి మీద చెక్కాక దిద్దుకోలేం కనుక, పెద్దలు ముందే చూసి చెప్పగలరు.

సమాధానం

పట్టుబడుతున్న ఆ ఒకరి పక్షానే నేనూ ఉంటానండీ. అయితే ఆ మాట దగ్గరికి వచ్చేలోపు, పై రెండు వాక్యాల్లో చిన్నవే అయినా రాతి మీద ఎబ్బెట్టుగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. ‘ప్రజలు, నౌకలు జలసమాధి అయినారు’ అన్న వాక్యంలో మనుషులూ ఓడలూ ఒకే క్రియకు కర్తలయ్యారు. ప్రజలు ‘అయినారు’, నౌకలు ‘అయినవి’. మహత్తుకూ అమహత్తుకూ తెలుగు వేరు వేరు క్రియారూపాలు ఇస్తుంది కనుక రెండింటినీ ఒక తాటికి కట్టడం కుదరదు. పైగా ‘జలసమాధి’ అన్నది పత్రికలు పడవ ప్రమాదానికల్లా వాడి అరగదీసిన మాట. యోగి తనంతట తాను నీటిలో దేహం విడవడం దాని అసలు అర్థం. ఇంట్లో నిద్రపోతున్న మనిషిని సముద్రం వచ్చి ఈడ్చుకుపోవడానికి ఆ మాట ఎట్లా సరిపోతుంది? ‘చనిపోయారు’ అంటే చాలు.

ఊరి పేరు మరీ ముఖ్యం. ఊరివారు అనేది కోరంగి. అది ఇంగ్లీషు వర్ణక్రమంలోకి వెళ్లి, ఆ అక్షరాలను చూసి మళ్లీ తెలుగులో రాసేటప్పుడు ‘కోరింగ’ అయి కూర్చుంది. మడ అడవుల అభయారణ్యం గురించి పత్రికల్లో వచ్చే వార్తల వల్ల ఆ రూపం మరింత నిలదొక్కుకుంది. ఊరి చరిత్రను చెప్పడానికి పెట్టే ఫలకమే ఊరి పేరును అరువు రూపంలో రాస్తే బాగుండదు.

ఇక అసలు విషయం. ‘తుపాను’ అరబీ, పారశీకాల మీదుగా మనకు వచ్చిన మాట. వచ్చి చాలా కాలమైంది, మనదైపోయింది, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది గాలికీ వానకూ సంబంధించిన మాట. వాతావరణ సూచనల్లో అల్పపీడనం బలపడి వాయుగుండమై, వాయుగుండం బలపడి తుపాను అవుతుంది. ఈ మెట్లన్నీ గాలి వేగం మీద కట్టినవి. ఉప్పెన ఈ మెట్లలో ఎక్కడా లేదు. అది గాలి తోసుకొచ్చిన సముద్రం. తీరం పల్లంగా ఉండి, దగ్గర సముద్రానికి లోతు లేక, నదీ పాయలు లోపలికి దారి ఇచ్చే చోట అది గోడలా లేచి ఊళ్ల మీద పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల తీరంలో పాతికేళ్లకు ఒక తుపాను వచ్చిందంటే ఎవరూ నమ్మరు, ఏటా వచ్చేదే కదా అంటారు. ఉప్పెన మాత్రం తరాల తరబడి చెప్పుకునేది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన దానిని ఆ ప్రాంతంవారు నేటికీ ఉప్పెన అనే అంటారు. ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అని పుట్టుకలకూ పెళ్లిళ్లకూ లెక్క కట్టుకుంటారు. అక్కడ అలల నీరు ఎంత లోపలికి వచ్చిందో ఆ హద్దు దగ్గర మృతుల జ్ఞాపకార్థం స్మారకం కట్టారు. ఎక్కడ నిలబెట్టారన్న దానితోనే సగం సంగతి తెలియజెప్పే స్మారకం అది. కోరంగి ఫలకానికి అంతటి చోటు దొరకకపోతే, కనీసం సరైన మాటైనా దొరకాలి.

ఈ మాటల పట్టింపు కోరంగి విషయంలో ఎందుకు మరింత అవసరమో చెప్పడానికి ఒక చరిత్ర ఉంది. ఇంగ్లీషులో ‘సైక్లోన్’ అన్న మాటను పుట్టించినవాడు కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడుగా పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. పాము చుట్టను తలపించే గ్రీకు పదం నుంచి తీసుకుని, 1848లో నావికుల కోసం అచ్చువేసిన తన గ్రంథంలో దాన్ని ప్రతిపాదించాడు. గాలి సుళ్లు తిరుగుతుందన్నదే ఆయన చెప్పదలచిన విషయం. అదే గ్రంథంలో 1789 డిసెంబరులో కోరంగి మీద పడిన విపత్తు వర్ణన ఉంది. అందులో జనం చూసినట్టు చెప్పినది గాలిని కాదు. సముద్రం వైపు నుంచి ఒకదాని వెనుక ఒకటిగా మూడు అలలు వచ్చాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల లోతు నీరు తెచ్చింది, రెండోది చుట్టూ ఉన్న పల్లపు భూములను ముంచింది, మూడోది మిగిలినదంతా ఊడ్చుకుపోయింది. రేవులో లంగరు వేసి ఉన్న ఓడలు యానాం చుట్టుపక్కల మైదానంలోకి కొట్టుకొచ్చాయి. ప్రపంచానికి ‘సైక్లోన్’ అన్న మాట ఇచ్చిన పుస్తకంలోనే, కోరంగి కథ మాత్రం ఉప్పెన కథగా ఉంది. అందుకని ఫలకం మీద ‘తుపాను’ అని ఊరుకుంటే, గాలి వీచి ఇళ్లు కూలాయని చదువరి అనుకుంటాడు.

1789 ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొక మాట. నమూనాలో ఆ సంవత్సరం లేనేలేదు. ఒకే తేదీ పెట్టి ‘నేలమట్టమైనది’ అనడంతో, ఒక రాత్రిలో ఊరు పోయిందన్న భావం కలుగుతోంది. జరిగింది వేరు. 1789 తరువాత కోరంగి మళ్లీ లేచింది. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఆయన అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. 1839లో రెండో ఉప్పెన వచ్చింది. ఈ రెండు దెబ్బలకూ తోడు, అంతకంటే మెల్లగా, మానకుండా పడిన దెబ్బ ఒండ్రుది. గోదావరి తెచ్చిన మట్టి పాయలో మేట వేస్తూ, రేవును పూడ్చుకుంటూ వచ్చింది. పెద్ద ఓడలు లోపలికి రాలేని స్థితి ఏర్పడి వర్తకం కాకినాడకు మళ్లింది. అదే గోదావరి ఒండ్రుతో పేరుకున్న హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు సముద్రపు అలల నుంచి అడ్డుగా నిలవడం ఈ కథలోని వింత. నమూనాలో ‘పూడిక’ అన్న మాట ఒక్కసారైనా లేకపోవడం ‘తుపాను’ కంటే పెద్ద లోపమని నా అభిప్రాయం.

‘ప్రముఖ నౌకా నిర్మాణ కేంద్రము’ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ పదబంధం వినగానే విశాఖలోని షిప్‌యార్డు కళ్ల ముందు నిలుస్తుంది. 1948లో ‘జల ఉష’ జలప్రవేశం చేసిన ఆ యార్డును మూలసంస్థ పేరుతో స్థానికులు ఇప్పటికీ ‘సింధియా’ అనే పిలుస్తారన్నది వేరే ముచ్చట. కోరంగిలో ఉన్నవి క్రేన్లూ ఉక్కు రేకులూ కావు. గోదావరి పై అడవుల్లో కొట్టిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి ప్రవాహంలో వదిలితే డెల్టాకు దిగివచ్చేవి. ఏటి ఒడ్డున అడుగు దూలం నిలిపి, దాని మీద వడ్రంగులు చెక్కలు బిగించుకుంటూ వచ్చేవారు. చెక్కల సందుల్లో పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పట్టించడం మన తీరమంతటా ఉన్న పద్ధతి. ఇంతా చేస్తే ఆ వడ్రంగుల్లో ఒక్కరి పేరూ మనకు వినబడదు. ఆనకట్ట కట్టిన కాటనును భగీరథుడని స్మరించే సంస్కృత శ్లోకం గోదావరి స్నానాల రేవుల్లో వినిపిస్తుంది, ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. ఓడలు కట్టినవారికి శ్లోకమూ లేదు, విగ్రహమూ లేదు. అందుచేత ఫలకంలో ‘విలసిల్లిన కేంద్రము’ తీసేసి, ‘ఇక్కడి వడ్రంగులు ఓడలు కట్టారు’ అని కర్త ఉన్న వాక్యం రాయమని నా మనవి.

ఒక సభ్యురాలి స్పందన

మాస్టారూ, ఉప్పెన విషయం ఒప్పుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, ‘ఓడలు బళ్లగును’ అన్న సామెత మీద మీరు ఏమీ అనలేదు. రెండోది, మా తాతయ్యగారి తరంలో రంగూన్ వెళ్లి వచ్చినవారు ‘కోరంగి’ అన్న మాటను బర్మాలో తమను చులకన చేయడానికి వాడేవారని చెప్పేవారు. అటువంటి మాటను ఫలకం మీద పెద్ద అక్షరాలతో పెట్టడం కొందరికి నొప్పి కలిగించదా?

సమాధానం

సామెత గురించి అడిగి మంచి పని చేశారమ్మా. అది భాగ్యం తారుమారు కావడాన్ని చెప్పే సామెత. బండిని ఓడ మీదికి ఎక్కిస్తారు, ఓడను బండి మీద తీసుకెళతారు. ఒకనాడు మోసినది మరొకనాడు మోయించుకుంటుంది. అందులో కొంత లోకసహజమన్న ధోరణీ, కొంత వెటకారమూ ఉన్నాయి. ఆస్తి పోగొట్టుకున్న జమీందారు గురించి అరుగు మీద కూర్చుని అనుకోవడానికి బాగుంటుంది. వేలమంది చచ్చిపోయిన చోట, ఆ వాక్యానికి కిందనే ఆ సామెత చెక్కితే, పోయినవారి రాత అంతేనన్నట్టు ధ్వనిస్తుంది. పైగా ఓడలు నిజంగానే నేల మీదికి కొట్టుకొచ్చిన ఊరిలో ఆ సామెతను అలంకారంగా వాడలేం. అక్కడ అది వార్త అవుతుంది. తీసేయండి.

మీ రెండో సందేహం బరువైనది. బర్మాలో తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనడం వాస్తవం. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినవారినే కాక, ఆ తీరం నుంచి వెళ్లిన తెలుగువారందరినీ ఆ ఒక్క పేరుతో పిలిచారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె సందర్భంగా చెలరేగిన అల్లర్ల వార్తల్లోనూ ఆ పేరే కనిపిస్తుంది. మారిషస్‌లో కూడా తెలుగువారు కోరంగీలే. ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడలో అక్కడికి తెలుగువారు వెళ్లిన సంగతిని అక్కడివారు నేటికీ గుర్తు చేసుకుంటారు. ఒకే మాట ఒక దేశంలో తిట్టుగానూ మరొక దేశంలో వంశచరిత్రగానూ మిగిలింది. తిట్టుగా వాడినది పరాయి ఊళ్లో, పరాయి నోట. సొంత ఊళ్లో అది ఊరి పేరు, దాన్ని దాచవలసిన పని లేదు. ‘సముద్రం దాటిన తెలుగువారికి కొన్ని దేశాలలో ఈ ఊరి పేరే జాతి పేరయింది’ అని ఒక వాక్యం చేర్చితే, మీ తాతయ్యగారి తరం పడిన మాటకు కూడా ఫలకంలో చోటు దొరుకుతుంది.

ఇక అంకెలు. మూడు లక్షల మంది, ఇరవై వేల ఓడలు అన్న లెక్క 1839 గురించి చాలా చోట్ల కనిపిస్తుంది. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నదే ఎక్కువ. ఇరవై వేల ఓడలంటే ఒక పాయలో పట్టే సంఖ్యేనా అన్నది ఆలోచించాలి. చేపల పడవలూ దోనెలూ అన్నీ కలిపినా అది నమ్మశక్యంగా లేదు. అదృష్టవశాత్తూ, విన్నమాటను విన్నమాటగా చెప్పడానికి తెలుగులో ఏర్పాట్లు ఉన్నాయి. నోటి మాటలో ‘చనిపోయారట’ అంటాం. రాతలో ‘అట’ తేలికగా, కథ చెబుతున్నట్టు వినిపిస్తుంది కనుక ‘అని రాశారు’, ‘అని చెబుతారు’ సరిపోతాయి. ‘అని ప్రతీతి’ మాత్రం వద్దు. అది స్థలపురాణాల్లో మాట, చనిపోయినవారిని పురాణంలో కలిపేస్తుంది.

నా సవరణలతో ఫలకం ఇట్లా ఉండవచ్చు: “ఇది కోరంగి. గోదావరి మీద దిగివచ్చిన కలపతో ఇక్కడి వడ్రంగులు ఓడలు కట్టారు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరు 25నా ఈ ఊరి మీద ఉప్పెన పడింది. 1839లో మూడు లక్షల మంది చనిపోయారని రాశారు. ఉప్పెనలకు నిలిచిన రేవు ఒండ్రుతో పూడిపోయింది. సముద్రం దాటిన తెలుగువారికి కొన్ని దేశాలలో ఈ ఊరి పేరే జాతి పేరయింది.” ఇది తొందరలో కూర్చినది. ‘కలప’ బాగుందో ‘టేకు’ బాగుందో, ‘ఒండ్రు’ అందరికీ తెలుస్తుందో ‘మట్టి’ అనాలో సభ్యులు చెప్పాలి. ‘రాశారు’ అన్న మాట ఫలకానికి బరువు తగ్గిస్తోందని ఎవరైనా అంటే, ఆ ఒక్క మాటను తీసేయడానికి బదులు ‘మూడు లక్షలు’ ఉన్న వాక్యం మొత్తాన్నీ తొలగించే ప్రతిపాదన కూడా వారి ముందు పెట్టండి.