స్లీప్‌లోకి వెళ్లిన పీఎంఐసీ లేవడం లేదు. వేక్ పిన్‌కు ప్రోబ్ ఆనిస్తే మాత్రం లేస్తోంది

ప్రశ్న:
గాజువాకలోని ఒక చిన్న సంస్థలో వాహనాల కంట్రోల్ బోర్డులను పరీక్షిస్తుంటాను. కొత్త బోర్డుకు 12 వోల్టుల సప్లయ్ కలపగానే పీఎంఐసీ (బోర్డుకు కావలసిన వోల్టేజీలను ఇచ్చే పవర్ చిప్) లేచి, వోల్టేజీలన్నీ వరుసగా నిలబడ్డాకే మైక్రోకంట్రోలర్‌ను రీసెట్ నుంచి వదులుతోంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇగ్నిషన్ ఆపగానే సాఫ్ట్‌వేర్ వేరే ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చి చదివే) లైను చూసి చిప్‌ను స్లీప్‌కు పంపుతుంది. పది సెకన్ల తరువాత స్విచ్ వేస్తే మాత్రం చాలాసార్లు లేవడం లేదు. బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెడితే తప్పకుండా లేస్తుంది. వేక్ పిన్‌కు (చిప్‌ను స్లీప్ నుంచి లేపే పిన్) మల్టీమీటర్ ప్రోబ్ ఆనించి ఉంచినంతసేపు ఒక్కసారి కూడా తప్పలేదు. ఏసీ గదిలో మొండికేసే ఈ బోర్డు, సముద్రపు గాలి తగిలే వరండాలో చాలావరకు సరిగానే లేస్తోంది. ఇగ్నిషన్ లైను డయోడ్, 22 కిలో ఓముల రెసిస్టర్ దాటి పిన్‌కు వస్తుంది. పిన్ నుంచి గ్రౌండుకు 100 నానోఫారడ్ల కెపాసిటర్ మాత్రమే ఉంది. చిప్‌నే అనుమానించాలా?

మొదటి జవాబు:
చిప్‌ను అనుమానించవద్దు. బ్యాటరీ కలపడం, స్లీప్ నుంచి లేవడం రెండు వేర్వేరు దారులు. మొదటిదానిలో సప్లయ్ కనీస వోల్టేజీ దాటితే చాలు, చిప్ తనంతట తానే మొదలవుతుంది. స్లీప్‌లో వేక్ పిన్‌ను కనిపెట్టే కొద్దిపాటి భాగం తప్ప మిగతాదంతా ఆగిపోతుంది. పిన్ వోల్టేజీ కింది నుంచి పైకి మారడాన్నే మీ చిప్ వేక్‌గా లెక్కిస్తుంటే, ముందు అది కిందికి దిగి ఉండాలి. ఇగ్నిషన్ ఆపినప్పుడు ఆ లైను గ్రౌండుకు చేరదు, ఊరికే తెగిపోతుంది. కెపాసిటర్‌లోని చార్జి డయోడ్ వల్ల వెనక్కి పోలేక, గ్రౌండుకు దారీ లేక అక్కడే నిలుస్తుంది. మీటరు తన 10 మెగా ఓములతో ఆ దారి ఇస్తోంది, సుమారు ఒక సెకను టైమ్ కాన్‌స్టంట్‌తో (చార్జిలో దాదాపు మూడింట రెండు వంతులు దిగడానికి పట్టే సమయం). వరండాలో బహుశా ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే పదార్థం) మరకపై చేరిన తేమ అదే పని చేస్తోంది. పిన్ నుంచి గ్రౌండుకు 100 కిలో ఓములు పెట్టండి; టైమ్ కాన్‌స్టంట్ 10 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. ఇగ్నిషన్ ఆపి ఉన్నప్పుడు ఇగ్నిషన్ లైనులో వోల్టేజీయే ఉండదు కనుక బ్యాటరీపై భారం పడదు. ఆసిలోస్కోప్ ప్రోబ్ కూడా సాధారణంగా 10 మెగా ఓములే, అందువల్ల పరీక్షించేటప్పుడు దాన్నీ తీసేయండి.

రెండవ జవాబు:
పిన్ వోల్టేజీ పైనే ఉండగా స్లీప్ ఆదేశం ఇస్తే, లెవెల్ (వోల్టేజీ పైన ఉందా అని) చూసే చిప్ వెంటనే మళ్లీ లేస్తుంది, ఎడ్జ్ (కింది నుంచి పైకి మార్పును) చూసే చిప్ లేవకుండా ఉండిపోతుంది. అందువల్ల ఆదేశానికి ముందు పాత వేక్ ఫ్లాగులను (వేక్ వచ్చిందని చిప్ నమోదు చేసుకునే గుర్తులు) చెరిపి, వీలైతే పిన్ స్థితిని చదవడం మంచిది. కొత్త రెసిస్టర్ 22 కిలో ఓములతో కలిసి వోల్టేజీని పంచే డివైడర్ అవుతుంది; డయోడ్‌లో పోయే వోల్టేజీని లెక్కించకపోయినా 12 వోల్టుల వద్ద పిన్‌కు సుమారు 9.8 వోల్టులే అందుతాయి. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోతుంది కాబట్టి, తక్కువ సప్లయ్‌లోనూ అది డేటాషీట్‌లోని థ్రెషోల్డ్ (వేక్‌గా లెక్కించడానికి కావలసిన కనీస వోల్టేజీ) దాటుతుందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెసిస్టర్ అతికించి, ప్రోబ్‌లన్నీ తీసి, ఏసీ గదిలోనే 40 సార్లు స్విచ్ వేసి చూశాను, ప్రతిసారీ లేచింది. సప్లయ్‌ను 6 వోల్టులకు తగ్గించినా లేచింది. ఫ్లాగులు చెరిపే మార్పు ఇంకా చేయవలసి ఉంది.