నల్లా నీళ్లలో నైట్రైట్ సరిగ్గా రావట్లేదు, కాస్త చెప్పండి

తార్నాక స్టూడెంట్: నమస్తే అందరికీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నీళ్లలో నైట్రైట్ అయాన్ని కొలిచే సెన్సార్ చేస్తున్నాను. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద నానోట్యూబుల్ని (అతి సన్నటి గొట్టాల్ని) పాలిమర్ జిగురు నఫియాన్‌తో కలిపి పూశాను. బఫర్ పీహెచ్ 7. పూత వేశాక పీక్ (నైట్రైట్ ఇచ్చే కరెంటు శిఖరం) పెరుగుతుందనుకుంటే, ఖాళీ ఎలక్ట్రోడ్ కంటే చిన్నగా వస్తోంది. ఇంకో తలనొప్పి: రూమ్‌లోని నల్లా నీళ్లలో 10 మైక్రోమోలార్ నైట్రైట్ కలిపి కొలిస్తే సగం కూడా చూపించట్లేదు. మిల్లీక్యూ (అతి శుద్ధమైన) నీళ్లలో బాగానే ఉంది. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

హబ్సిగూడ అక్క: తమ్ముడూ, మొదటిది నఫియాన్ పనే. దాంట్లో సల్ఫోనేట్ గుంపులు ఉంటాయి, వాటిది రుణావేశం. నైట్రైట్‌దీ అదే. గుమ్మంలోనే తోసేస్తుంటే లోపలికి ఎలా వస్తుంది? అనుమానంగా ఉంటే అదే ఎలక్ట్రోడ్‌ని ఫెర్రిసయనైడ్‌లో పెట్టి చూడు, అది కూడా రుణావేశమే. అక్కడా పీక్ పడిపోతే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. డోపమైన్ (మెదడులోని రసాయనం) కొలిచే పేపర్లలో నఫియాన్ బాగా పనిచేసిందని అందరూ ఇక్కడా అదే పూసేస్తారు. డోపమైన్‌ది ధనావేశం, ఆ కథ వేరు.

నఫియాన్ బదులు కైటోసాన్ అనే పాలిమర్ వాడు, దాని ధనావేశం నైట్రైట్‌ని లాగుతుంది. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది. దాని ఎమైన్ గుంపులకు ఆ ఛార్జ్ ఉండాలంటే పీహెచ్ 5 దగ్గరికి దిగాలి, 7లో చాలావరకు పోతుంది. అలాగని 4 కిందికి వెళ్లకు. నైట్రస్ ఆమ్లం పీకేఏ (నైట్రైట్ సగం ఆమ్లంగా మారే పీహెచ్) సుమారు 3.3. అక్కడ నైట్రైట్ ఆమ్లంగా మారి, విరిగి, నైట్రిక్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుంది.

పాత ల్యాబ్ మనిషి: రెండోదానికి నా అనుమానం క్లోరిన్ మీద. నల్లా నీళ్లలో మిగిలిన క్లోరిన్ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేస్తుంది. లీటరుకు 0.5 మిల్లీగ్రాములున్నా సుమారు 7 మైక్రోమోలార్. నువ్వు కలిపింది పదే కదా! 10, 20, 50 కలిపి చూడు. ప్రతిసారీ ఇంచుమించు ఒకే మొత్తం తగ్గితే క్లోరిన్ తినేస్తోంది. ఒకే శాతం తగ్గితే మాత్రం ఎలక్ట్రోడ్ మీద నీళ్ల ప్రభావం, అప్పుడు స్టాండర్డ్ అడిషన్ (అదే నీళ్లలో తెలిసిన మోతాదులు కలుపుతూ కొలవడం) చెయ్యాలి.

తార్నాక స్టూడెంట్: సార్, మీరు చెప్పినట్టే! 10కి 4.6, 20కి 14.3, 50కి 44.5. థయోసల్ఫేట్ వేసి క్లోరిన్ తీసెయ్యొచ్చా? విటమిన్ సి అయినా పర్లేదా?

పాత ల్యాబ్ మనిషి: రెండూ వద్దు. ఎక్కువైంది అక్కడే మిగులుతుంది, ఎలక్ట్రోడ్ మీద అదీ ఆక్సీకరణ చెందుతుంది. నీ పీక్‌కి అదో కొత్త గొడవ. బీకర్‌లో పోసి రాత్రంతా మూత లేకుండా వదిలెయ్, చాలు. ఇంకోటి, తాగునీటికి డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే నైట్రైట్ పరిమితి లీటరుకు 3 మిల్లీగ్రాములు, అంటే 65 మైక్రోమోలార్. నీ కాలిబ్రేషన్ దాన్ని దాటాలి, రివ్యూలో తప్పకుండా అడుగుతారు.

హబ్సిగూడ అక్క: ఒక శాంపిల్‌కి గ్రీస్ పరీక్ష (నైట్రైట్ ఇచ్చే రంగుని కొలిచేది) కూడా పెట్టు, 540 నానోమీటర్ల దగ్గర. రెండు పద్ధతులూ కలిస్తే ఎవరూ వేలెత్తి చూపరు. నైట్రైట్ స్టాక్ మాత్రం ఏ రోజుకారోజు చేసుకో.

తార్నాక స్టూడెంట్: రాత్రి వదిలేసిన నీళ్లలో 10కి 9.7 వచ్చింది! ఫెర్రిసయనైడ్ పీక్ కూడా నిజంగానే పడిపోయింది అక్కా. కైటోసాన్ ఇంకా కరగలేదు, పొద్దున్నుంచీ స్టిరర్ మీదే తిరుగుతోంది.