మెడ, భుజాలు పట్టేస్తుంటే ఎసెన్షియల్ ఆయిల్స్, స్ట్రెచింగ్ ఎలా వాడుకోవాలి?

ప్రశ్న:
రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. సాయంత్రమయ్యేసరికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. ఆ టెన్షన్‌తో రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. ఒక స్నేహితురాలు లావెండర్, పెప్పర్‌మింట్ ఎసెన్షియల్ ఆయిల్స్ ఇచ్చి, మెడకు రాసుకుని కాసేపు స్ట్రెచింగ్ చేయమంది. నేరుగా రాసుకోవచ్చా? ఏ స్ట్రెచింగ్ ఎంతసేపు చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:
నేరుగా మాత్రం రాసుకోకండి. నేను ఆ తప్పు చేశాను. తలనొప్పిగా ఉందని పెప్పర్‌మింట్ తైలం అలాగే మెడకు పూసుకున్నాను. పావుగంటలో చర్మం ఎర్రబడి మంట మొదలైంది. నీళ్లతో కడిగినా తగ్గలేదు, ఎందుకంటే ఈ తైలాలు నీళ్లలో కరగవు. చివరికి కొబ్బరినూనెలో ముంచిన దూదితో తుడిచి, సబ్బుతో కడిగితే నెమ్మదించింది. దద్దుర్లు పోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇవి మనం తలకు రాసుకునే నూనెల్లాంటివి కావు. ఎక్కువగా మొక్కను ఆవిరి పట్టి, అందులో గాలికి ఎగిరిపోయే సువాసన భాగాన్ని మాత్రమే విడదీస్తారు. కిలోల కొద్దీ పూల నుంచి వచ్చేది కాస్తంతే. అంత గాఢంగా ఉంటుంది కాబట్టి కొబ్బరి, నువ్వులు, బాదం లాంటి మామూలు నూనెలో కలిపి పలచన చేయాలి. లెక్క తేలిక: 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను నూనెకు ఒక చుక్క. అది దాదాపు 1 శాతం. సున్నితమైన చర్మానికి ఇది చాలు, మామూలు చర్మానికి రెండు చుక్కల దాకా వెళ్లవచ్చు. మొదటిసారి కలిపినప్పుడు ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి 24 గంటలు ఆగండి. దురద, ఎరుపు వస్తే ఆ తైలం మీకు పడదన్నమాట.

ఇక అసలు విషయం. నూనె కండరాన్ని వదులు చేస్తుందని చాలామంది అనుకుంటారు. పెప్పర్‌మింట్‌లోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది. దాంతో చల్లగా, హాయిగా అనిపిస్తుంది, కాసేపు నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. కండరం బిగువు అలాగే ఉంటుంది. దాన్ని సడలించే పని స్ట్రెచింగ్‌దే. లావెండర్ వాసన కొందరికి ఆందోళన కొంత తగ్గిస్తుందని చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది, అంతకన్నా పెద్ద ఆశ పెట్టుకోవద్దు. అయినా నేను దాన్ని వదలను. ముక్కు నుంచి వెళ్లే సంకేతాలు మెదడులో భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలకు దగ్గరి దారిన చేరతాయి. రోజూ స్ట్రెచింగ్ చేసేటప్పుడు మాత్రమే ఆ వాసన పీలుస్తూ వచ్చాను. ఇప్పుడు సీసా మూత తీయగానే నా భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. మీకూ ఇదే చెబుతాను: తైలాన్ని మందులా కాకుండా అలవాటుకు తోడుగా వాడండి.

మీకు మూడు స్ట్రెచ్‌లు చాలు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎడమ చేత్తో కుర్చీ అంచు పట్టుకుని, కుడి చెవిని కుడి భుజం వైపు వంచండి. ఎడమ భుజం పైకి లేవకూడదు. మెల్లగా ఊపిరి తీసి వదులుతూ 20 నుంచి 30 సెకన్లు అలాగే ఉండి, రెండో వైపూ చేయండి. ఒక్కో వైపు రెండు మూడు సార్లు. రెండోది, తల వంచకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపడం, పది సార్లు. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ, స్క్రీన్ వైపు ముందుకు పొడుచుకొచ్చే తలకు ఇదే నాకు బాగా పనిచేసింది. మూడోది, తలుపు దగ్గర నిలబడి ముంజేతులు రెండు పక్కలా ద్వారబంధానికి ఆనించి ఒక అడుగు ముందుకు వేయడం. ఛాతీ సాగుతుంది. వంగి కూర్చోవడం వల్ల ఛాతీ కండరాలు బిగుసుకుని భుజాలను ముందుకు లాగుతాయి, ఆ బరువు మెడ మీద పడుతుంది.

లాగినట్టు అనిపించాలి, నొప్పి పుట్టకూడదు. ఊగుతూ, కుదుపుతూ చేయకండి. చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తగ్గడం, నొప్పి మెడ నుంచి వేళ్ల దాకా పాకడం ఉంటే ఇవన్నీ ఆపేసి డాక్టరుకు చూపించుకోండి.

మరొకరి ప్రశ్న:
మా ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, పిల్లిని కూడా పెంచుకుంటున్నాం. డిఫ్యూజర్‌లో (తైలం వాసనను గదిలో వెదజల్లే పరికరం) నీలగిరి తైలం వేస్తే పర్వాలేదా?

జవాబు:
వద్దండీ. నీలగిరి, పెప్పర్‌మింట్ తైలాలను పసిపిల్లల ముఖం దగ్గరికి తేకూడదు, శ్వాస ఇబ్బంది రావచ్చు. నీలగిరి తైలం పొరపాటున ఒక్క చెంచా మింగినా పిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి సీసాలకు తాళం వేసి పెట్టండి. మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లుల కాలేయం ఈ పదార్థాలను సరిగ్గా విరగ్గొట్టలేదు. టీ ట్రీ తైలమైతే వాటికి మరీ ప్రమాదం. ఆ ఇంట్లో డిఫ్యూజర్ లేకపోతేనే నాకు నిశ్చింతగా ఉంటుంది. స్ట్రెచింగ్‌కు అది అవసరం లేదు కదా.

మొదట అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు సందేహాలు. పొద్దున లేవగానే ముందుకు వంగి చేస్తుంటే నడుము మరీ పట్టేస్తోంది. నిమ్మ తైలం కూడా ఉంది, అది రాసుకోవచ్చా?

జవాబు:
రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నెముక డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన వెంటనే గట్టిగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. గంటసేపు ఆగండి, లేదా సాయంత్రం ఐదు నిమిషాలు నడిచాక చేయండి. వెచ్చబడిన కండరం తేలిగ్గా సాగుతుంది.

నిమ్మ తొక్కను పిండి తీసిన తైలం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు నల్లబడవచ్చు, బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తైలానిది కూడా ఇదే సంగతి. రాసినచోట కనీసం 12 గంటలు ఎండ తగలకూడదు. దాన్ని వాసనకే ఉంచుకోండి. సీసా తెరిచిన తేదీ మూత మీద రాయండి. గాలి తగిలి పాతబడిన తైలంతో అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ.