ఓం మండలి అంటే సింధ్‌లో అంత గొడవ ఎందుకయింది?

గోదారిగట్టు అడిగారు:
మా వీధి చివర బ్రహ్మకుమారీల సెంటర్ ఉంది, మా పెద్దమ్మ రోజూ పొద్దున్నే మురళి (అక్కడ చదివి వినిపించే బోధ) వినడానికి వెళ్తుంది. ఈ సంస్థ 1930ల్లో సింధ్‌లోని హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు) ఓం మండలి అనే పేరుతో మొదలైందని, ఊళ్లో పెద్దలంతా దానిమీద విరుచుకుపడ్డారని ఈమధ్య చదివాను. నాకు అంతుపట్టనిది ఏమిటంటే, సింధ్ హిందువులకు గురువులూ సత్సంగాలూ కొత్త కాదు, సిక్కుల గురువాణి ఇళ్లలోనే చదువుకునేవాళ్లు. మరి నలుగురు ఆడవాళ్లు చేరి ధ్యానం చేసుకుంటే ఎందుకంత భయం? సిద్ధాంతం సంగతి పక్కన పెట్టి, చేరినవాళ్ల కాపురాల్లో, తిండిలో, చుట్టరికాల్లో ఏం మారిందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాగితాలు:
ముందు అక్కడి ఇళ్లు ఎలా ఉండేవో చూడాలండీ. అది భాయీబంద్ అనే వ్యాపారుల ఊరు. మగవాళ్లు సరుకు పట్టుకుని ఈజిప్టు, జావా, సింగపూర్, జపాన్ దాకా పోయేవాళ్లు, ఒకసారి వెళ్తే రెండు మూడేళ్ల దాకా ఇంటి ముఖం చూసేవాళ్లు కాదు. భార్య అత్తగారింట్లో గడప దాటకుండా ఉండాలి. డబ్బుకు లోటు లేదు గానీ మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేదు. కట్నాలు కూడా విపరీతం. అలాంటి చోట వజ్రాల వ్యాపారి లేఖరాజ్ కృపలానీ తనకు దర్శనాలు కలుగుతున్నాయని చెప్పి సత్సంగం పెడితే, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 1937లో ఆయన తన ఆస్తిని అప్పగించి, నడిపించే కమిటీని కూడా ఆడవాళ్లతోనే వేశాడు. ఓం రాధే అనే యువతి దానికి పెద్ద.

గొడవంతా బ్రహ్మచర్యం దగ్గర వచ్చింది. పెళ్లయినవాళ్లకూ అదే నియమం. రెండేళ్ల తర్వాత భర్త ఓడ దిగి ఇంటికొస్తే భార్య ఇక ఆ సంబంధం వద్దంటుంది, మాంసం వండనంటుంది, పెళ్లీడు పిల్ల అసలు పెళ్లే వద్దంటుంది. ఆడది వద్దు అంటే వినే అలవాటే లేని ఇళ్లవి, ఆ మాట తట్టుకోలేకపోయారు. 1938లో వ్యతిరేక కమిటీ పెట్టారు, జూన్‌లో సత్సంగం ముందు పికెటింగ్ చేశారు, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. మండలి కరాచీకి మారినా వదల్లేదు. అసెంబ్లీలో హిందూ సభ్యులు రాజీనామా చేస్తామని బెదిరిస్తే 1939లో ప్రభుత్వం దాన్ని చట్టవిరుద్ధమైన సంఘంగా ప్రకటించింది. అయినా వాళ్లు చెదిరిపోలేదు. దేశ విభజన తర్వాత కూడా కరాచీలోనే ఉండి, 1950లో మౌంట్ అబూ చేరారు.

రెండోవైపు:
పైన రాసినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ దీన్ని పూర్తిగా స్త్రీ స్వేచ్ఛ కథగా చెప్పడం నాకు నచ్చదు. కమిటీ ఆడవాళ్లదే అయినా మురళి వచ్చింది ఒక మగమనిషి నోటి నుంచి. ప్రపంచం త్వరలో నాశనమవుతుందని నమ్మినవాళ్లు పాత బంధాలను కాపాడుకోవడానికి ఎంత ప్రయత్నిస్తారు చెప్పండి? కరాచీలో కొన్ని వందలమంది ఒకే కుటుంబంలా, బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేకుండా బతికారు. ఇళ్ల దగ్గర మిగిలిపోయిన తల్లులు, తండ్రులు పడ్డ బాధ కూడా నిజమే కదా.

మీ ప్రశ్నకు అసలు జవాబు 1950 తర్వాతే దొరుకుతుందని నా అభిప్రాయం. అబూలో డబ్బులు అయిపోయాయి, సంస్థలోని అక్కయ్యలు ఢిల్లీ, ముంబై లాంటి ఊళ్లకు వెళ్లి చెప్పడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్లు ఉద్యోగాలు, పిల్లలు ఉన్న సంసారులు. వాళ్లందరినీ ఇల్లు వదిలి రమ్మంటే ఎవరొస్తారు? అందుకే ఇప్పుడు సెంటర్‌లో ఉండేది సమర్పణ అయిన, అంటే జీవితాన్ని సంస్థకే ఇచ్చేసిన అక్కయ్యలు, మిగతావాళ్లు పొద్దున క్లాసు విని ఇంటికి పోతారు. బయటివాళ్లకు ముందు చెప్పేది మనశ్శాంతి, టెన్షన్ తగ్గడం, వినాశనం మాట తర్వాత ఎప్పుడో వస్తుంది. 1969లో లేఖరాజ్ పోయాక పగ్గాలు నిజంగానే ఆడవాళ్ల చేతికి వచ్చాయి, దాదీ ప్రకాశమణి 2007 దాకా, ఆ తర్వాత దాదీ జానకి 2020లో 104 ఏళ్ల వయసులో పోయేదాకా. ఇంత పెద్ద మతసంస్థను ఇంతకాలం ఆడవాళ్లు నడపడం మన దేశంలో అరుదు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

చిన్నకోడలు:
చరిత్ర నాకు తెలీదు, ఇంట్లో చూసింది చెప్తాను. మా అత్తయ్యగారు చాలా ఏళ్లుగా వెళ్తున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి అమృతవేళ ధ్యానం, వంటలో ఉల్లి, వెల్లుల్లి లేవు, బయట ఎవరు వండినా తినరు. పెళ్లిళ్లకు వస్తారు, అక్షింతలు వేస్తారు, బాక్సు విప్పి తన అన్నం తాను తింటారు. మొదట్లో ఆడపడుచుల అత్తవారు "మా ఇంట్లో చెయ్యి కడగరా?" అని బాధపడ్డారు, ఇప్పుడు ఆవిడ వస్తున్నారంటే స్టవ్ కడిగి, పాలూ పళ్లూ తెచ్చి పెడుతున్నారు. మామయ్యగారు పోయాక మాత్రం తేడా బాగా కనిపించింది. అమావాస్య, పేరంటం అంటూ చుట్టాలు ఆవిణ్ణి పక్కన పెడుతుంటే, సెంటర్‌లో ఎవరూ బొట్టు గురించి అడగలేదు, పూలు కట్టే పని, కొత్తవాళ్లకు ఏడు రోజుల కోర్సు చెప్పే పని అప్పగించారు. ఆవిడ తేరుకున్నది అక్కడే. నాకు ఆ నమ్మకాలు లేవు, నా పిల్లలను తీసుకెళ్తానంటే వద్దన్నాను, ఆవిడ ఒప్పుకున్నారు. మీ పెద్దమ్మగారు ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో వెళ్లడం మొదలుపెట్టారో ఒకసారి అడిగి చూడండి.