క్లాసులో చేపల తొట్టి పెట్టాలా, వద్దా?

సైన్స్ టీచర్, కూకట్‌పల్లి
మా స్కూల్లో ఆరో తరగతి గదిలో చేపల తొట్టి పెడదామనుకుంటున్నాం. అమెరికాలో ట్రౌట్ చేప గుడ్లు హేచరీ నుంచి తెచ్చి, క్లాసులోనే పొదిగించి, పిల్లలు కొన్ని నెలలు పెంచి వాగులో వదులుతారు. తాము పెంచిన చేప ఉన్న వాగు కాబట్టి దాని మీద మమకారం పెరుగుతుందని వాళ్ల ఆలోచన. మేమూ అలాగే పెంచి, మార్చిలో అమీన్‌పూర్ చెరువులో వదులుదామని ప్లాన్. ఇద్దరు పేరెంట్స్ మాత్రం ఇది జీవహింస అంటున్నారు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ
నేనూ వద్దనే అంటాను సార్. మా పాప చదివిన స్కూల్లో (పేరెందుకులెండి) ఇలాగే ఏడు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చారు. దసరా సెలవుల్లో చూసుకోమని వాచ్‌మన్‌కి చెప్పారట. పాపం ఆకలిగా ఉంటాయేమోనని ఆయన సగం డబ్బా మేత ఒకేసారి పోశాడు. స్కూలు తెరిచేసరికి నీళ్లు కుడితిలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం నీటి పైకి మూతి పెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉందట. మధ్యాహ్నానికి అదీ పోయింది. మా పాప రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ముషీరాబాద్ మార్కెట్
మేడమ్, ఆదివారం మా దగ్గర కిలోల లెక్కన కోయించుకుని వెళ్లేవాళ్ల పిల్లలే కదా వీళ్లంతా! ఏడు చేపలకే జీవహింస అంటే ఎలా?

ఇద్దరు పిల్లల అమ్మ
తినడం వేరు, మన నిర్లక్ష్యంతో చంపడం వేరు.

మత్స్యశాఖ రిటైర్డ్
అమ్మా, మీరు చెప్పింది నిజం. అయితే నా దృష్టిలో అసలు పాఠం ఆ తొట్టిలోనే ఉంది, ఎవరూ చెప్పలేదంతే. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది, అది చేపలకు విషం. దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా కొత్త తొట్టిలో తగినంతగా పెరగడానికి నెల పైనే పడుతుంది. ఈలోపు సగం డబ్బా మేత పోస్తే, అది కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. మురుగు కలిసిన మన చెరువుల్లో చేపలు చచ్చి తేలేది కూడా చాలాసార్లు ఇందుకే. టెస్ట్ కిట్‌తో వారానికోసారి నీళ్లు చూడమనండి. కిట్‌లోని మందు చుక్కలు కలిపిన నీళ్ల పసుపు రంగు ఆకుపచ్చకు తిరిగితే అమ్మోనియా ఉన్నట్టే. పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

నాకు అభ్యంతరమల్లా మార్చి ప్లాన్ మీదే. అమెరికాలో గుడ్లు హేచరీ నుంచి వస్తాయి, ఏ వాగులో వదలాలో అనుమతి ఉంటుంది. ఇక్కడ షాపులో కొన్నవి చెరువులో వదిలితే? తొట్టి అద్దం నాకే సక్కర్ చేప ఇప్పుడు కృష్ణా నదిలో వలలకు పడుతోంది. అది దక్షిణ అమెరికాది. ఎవరో ముచ్చటపడి పెంచి, పెద్దదయ్యాక నీళ్లలోకి వదిలేసిందే అయ్యుంటుంది. దోమ పిల్లల్ని తింటుందని మన చెరువుల్లో వదిలే గంబూసియా చేప కూడా అమెరికాదే, మన చిన్న చేపల గుడ్లనూ కప్ప పిల్లల్నీ వదలదు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పరిరక్షణ పేరుతో అక్కడికే వెళ్లి షాపు చేపలు వదలడమేంటి సార్?

బీటెక్ కుర్రాడు, మియాపూర్
వదలడమే కదా పిల్లలకు పండగ! అది తీసేస్తే ఇంట్లో అక్వేరియానికీ దీనికీ తేడా ఏముంది?

సైన్స్ టీచర్, కూకట్‌పల్లి
నేనూ అదే అనుకున్నాను, కానీ సక్కర్ చేప సంగతి విన్నాక ధైర్యం చాలడం లేదు. ట్రౌట్‌కు 10–12 డిగ్రీల చల్లటి నీళ్లు కావాలి, అది మన వల్ల కాదు. కొర్రమీను పెంచితే? మన రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేప ప్రసాదంగా మింగించే పిల్ల కూడా అదే కాబట్టి పిల్లలకు తెలిసిందే.

మత్స్యశాఖ రిటైర్డ్
గొంతులోకి దిగేదాకా తెలుసు, ఆ తర్వాత తెలియదు! కొర్రమీను చిన్న పిల్లలు ఎర్రగా, బంతిలా గుంపు కట్టి తిరుగుతుంటే తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. అది చెరువులో చూపించండి. తొట్టిలో అయితే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, కాబట్టి ఒకే సైజువి నాలుగైదు పిల్లలు చాలు. నల్లా నీళ్లు పట్టగానే పోయకండి, క్లోరిన్ పోయేలా ఒక రోజు ఆరుబయట బకెట్‌లో ఉంచండి.

ఇద్దరు పిల్లల అమ్మ
సరే, దసరాకు ఎవరింటికి?

సైన్స్ టీచర్, కూకట్‌పల్లి
మా ఇంటికే మేడమ్. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఏడాది అయ్యాక చెరువులో వదలం, పెంచేవాళ్లకు ఇచ్చేస్తాం.

ముషీరాబాద్ మార్కెట్
సార్, తొట్టి మూత మీద ఇటుక పెట్టడం మర్చిపోకండి. కొర్రమీను రాత్రి ఎగిరితే పొద్దున బెంచీ కింద వెతుక్కోవాలి. నేల తడిగా ఉంటే బతికే ఉంటుంది, గాలి పీల్చే చేప కదా.