రీఫ్ ట్యాంక్‌కి ఎల్‌ఈడీ ఒక్కటే చాలా? టీ5 ట్యూబులు తీసేయొచ్చా?

నీలికెరటం
నాది నాలుగడుగుల రీఫ్ ట్యాంక్ (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), లోతు రెండడుగులు. ఆరేళ్లుగా 54 వాట్ల టీ5 ట్యూబులు (సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైట్లు) ఎనిమిది పెట్టి నడుపుతున్నాను. రాళ్ల పైన ఆక్రోపోరా, మాంటిపోరా అనే పగడాలు ఉన్నాయి, కింద ఇసుక మీద హ్యామర్ కోరల్ అనే ఇంకో పగడం. అన్నీ బాగానే పెరుగుతున్నాయి. నా బెంగ ట్యూబుల గురించి. ఏడాదికోసారి మార్చాల్సిందే. పాదరసం ఉంటుందని యూరోపియన్ యూనియన్ 2023లో మామూలు టీ5 ట్యూబులను మార్కెట్లోకి రాకుండా ఆపేసింది. పాదరసం వాడకం తగ్గించడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలోని దేశాలు కూడా 2027 కల్లా మామూలు లైటింగ్‌కి వాడే ఫ్లోరసెంట్ దీపాల తయారీ ఆపాలని నిర్ణయించాయి. రేపు మన ట్యూబులూ దొరక్కపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే ఎల్‌ఈడీకి మారిపోవడం మంచిదా?

పగడపుదీవి
మారిపోండి, ఆలోచించకండి. వెలుతురు కావాల్సింది పగడం ఒంట్లో బతికే జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గేకి. అది తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం పగడానికే అందుతుంది. ఆ ఆల్గే బాగా వాడుకునేది 400 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఉండే ఊదా, నీలం కాంతిని. సముద్రంలో కూడా ఎరుపు పైన కొన్ని మీటర్లలోనే ఆగిపోతుంది, లోతుకు దిగేది నీలమే. ఎల్‌ఈడీలో ఆ నీలం ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. పొద్దున మెల్లగా పెరిగి సాయంత్రం మెల్లగా తగ్గేలా టైమింగ్ ఇవ్వొచ్చు. ఏటా ట్యూబులు మార్చే పనే ఉండదు.

ఉప్పుగాలి
పగడపుదీవి గారూ, నీలం గురించి మీరన్నది నిజమే. నా అభ్యంతరం వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందన్న దాని మీద.

నేను టీ5 తీసేసి, నాలుగడుగుల ట్యాంక్ మీద రెండు ఎల్‌ఈడీలు వేలాడదీశాను. మొదటి రెండు నెలలు రంగులు చూసి మురిసిపోయాను. ఒకరోజు చిన్న అద్దం ఇసుకలో ఏటవాలుగా గుచ్చి ఆక్రోపోరా అడుగుభాగం చూశాను. పైనుంచి ఊదారంగులో మెరిసే ఆ కొమ్మలే కింది వైపు గోధుమరంగుకు తిరిగాయి. కొమ్మలు కలిసే చోట బొటనవేలి గోరంత మేర కండ పోయి తెల్లటి ఎముక బయటపడింది. అప్పటిదాకా పైనుంచి చూసి అంతా బాగుందనుకున్నాను.

ఎల్‌ఈడీ కాంతి చిన్న జాగా నుంచి సూటిగా దిగుతుంది. కొమ్మ పెరిగేకొద్దీ దాని నీడ దాని మీదే పడుతుంది. టీ5లో ట్యాంక్ పొడవునా, వెడల్పునా ట్యూబులు పరుచుకుని ఉంటాయి కాబట్టి పక్కల నుంచి కూడా వెలుతురు లోపలికి దూరుతుంది. నేను నాలుగు ట్యూబులు మళ్లీ బిగించాను. ఆ పుండు ఇంకా పూడుతూనే ఉంది.

పాతదీపం
రీఫ్ ట్యాంకులకు ఇదివరకు బాగా వాడిన మెటల్ హాలైడ్ బల్బుల్ని ఎవరూ తలుచుకోకపోవడం బాధగా ఉంది. 250 వాట్ల 14000 కెల్విన్ (నీలం ఎక్కువగా ఉండే) బల్బు కింద పెరిగిన ఆక్రోపోరా రంగు నాకు ఇంకెక్కడా కనిపించలేదు. వేడి మాత్రం నిజం. నీళ్లు త్వరగా ఆవిరై ఉప్పు సాంద్రత పెరుగుతుంది, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మెషిన్) లేకుండా నేను నడపలేకపోయాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇప్పుడు నేనూ చెప్పను.

పగడపుదీవి
ఉప్పుగాలి గారూ, మీ పగడానికి అలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ ఆ తప్పు ఎల్‌ఈడీది కాదంటాను. నాలుగడుగులకు రెండు ల్యాంపులు ఆక్రోపోరాకి చాలవు. మూడో నాలుగో పెట్టి, కొంచెం ఎత్తులో వేలాడదీసి, ఒకదాని వెలుతురు పక్కదాని మీద పడేలా చూసుకోవాలి. నా దాంట్లో నాలుగున్నాయి, అడుగున కూడా రంగు నిలిచింది.

ఇంకో సంగతి, ఫ్యాన్. ఎల్‌ఈడీ ఏళ్ల తరబడి వస్తుందని నమ్మి నేను దాన్ని విప్పి చూడలేదు. జాలీ అంతా ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడింది, ఫ్యాన్ తిరగక వేడెక్కి ల్యాంప్ దానంతట అదే మసకబారింది. ఇప్పుడు నెలకోసారి బ్రష్‌తో దులుపుతున్నాను.

ఉప్పుగాలి
నాలుగు ల్యాంపులైతే ఒప్పుకుంటాను. అయితే ఎల్‌ఈడీ తక్కువ కరెంటుతో పనైపోతుందన్న మాట అక్కడ బాగా పలచబడుతుంది కదా?

నీలికెరటం గారూ, ఏది పెట్టినా ముందు పార్ మీటర్‌తో (ఆల్గే ఆహారం తయారీకి వాడుకోగల వెలుతురును కొలిచేది) కొలవండి. లక్స్ మీటర్‌ని నమ్మకండి. అది మన కంటికి కనిపించే వెలుతురును లెక్కిస్తుంది, నీలాన్ని బాగా తక్కువ చేసి చూపిస్తుంది. ఆక్రోపోరాకి పార్ 200 నుంచి 350, హ్యామర్‌కి 100 అటూ ఇటూ ఉంటే నాకు సరిపోయింది. ఎల్‌ఈడీ పెట్టిన రోజే పూర్తి పవర్ ఇస్తే పగడాలు తెల్లబడిపోతాయి. సగంతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచండి.

నీలికెరటం
మీటర్ అడిగి తెచ్చుకుని కొలిచాను. నా టీ5 కింద రాళ్ల పైన 290, ఇసుక మీద 110, మూలల్లో 85. అరువు తెచ్చిన రెండు ఎల్‌ఈడీలు పెట్టి చూస్తే సరిగ్గా ల్యాంప్ కింద 410, రెండింటి మధ్య 170, మూలల్లో 40. ఉప్పుగాలి గారు చెప్పిన నీడ ఎలా వస్తుందో ఈ అంకెల్లోనే కనిపించింది. ప్రస్తుతానికి నాలుగు ట్యూబులు ఉంచి, మధ్యలో ఎల్‌ఈడీలు బిగిస్తున్నాను, పవర్ సగానికి తగ్గించి. పెద్ద ఆక్రోపోరా కింద చిన్న అద్దం కూడా పెట్టాను. రెండు నెలల తర్వాత అడుగు ఎలా ఉందో ఫొటో పెడతాను. పగడపుదీవి గారూ, మీ నాలుగు ల్యాంపులు నీటికి ఎంత ఎత్తులో ఉన్నాయి?

పగడపుదీవి
పది అంగుళాలు. మూలల్లో నాకు 120 వస్తోంది.